లయా పుట్టిన ఏటి వైను

మా బావగారి కొడుకు బస్త్యాన్ మూడో పుట్టినరోజుకి కేకు చేసింది నేను. బాదంపప్పు పొడి కొట్టి, నారింజ తొక్క తురిమి, పొద్దున్నించీ నడుం పడిపోయేలా నిలబడి చేశాను. ఎవరైనా బావుందన్నారో లేదో కూడా గుర్తులేదు. ముక్కలు పంచడం అయిందో లేదో మా అత్తగారు రోజ్‌లిన్ మూతి తుడుచుకుని, "పదండి, పిల్లాడి పీపా దగ్గరికి" అని లేచింది. అందరూ కుర్చీలు జరుపుకుని ఆవిడ వెనకాలే నేలమాళిగలోకి దిగారు. నేను నా కూతురు లయాని చంకనేసుకుని అందరికన్నా వెనక దిగాను. ఆ చల్లదనానికి పిల్లకి దగ్గు వస్తుందని నా భయం. శాలువా దాని చెవులమీంచి కప్పితే అది లాగి పారేస్తుంది, నేను మళ్ళీ కప్పుతాను.

ఈ ఇంట్లో బిడ్డ పుడితే ఆ ఏటి పంట వైను ఓ చిన్న పీపాలో పోసి పక్కన పెడతారు. పీపా నిండా పొయ్యరు. జానెడు ఖాళీ వదిలి, బిరడా వదులుగా పెట్టి, ఇంక దాని జోలికి పోరు. ఆ ఖాళీలో గాలి తగిలి తగిలి వైను ఏళ్ళ మీద గోధుమరంగుకి తిరుగుతుంది. అక్రోటు వాసన, వేయించిన మెంతుల వాసన పడుతుంది. దాన్నే రాన్సియో అంటారు. బిడ్డ పెళ్ళినాడు తెరిచి ఊరంతటికీ పోస్తారు. అందాకా ఏడాదికోసారి, పుట్టినరోజునాడు, గాజు గొట్టం ముంచి ఇంట్లోవాళ్ళు తలో చుక్కా రుచి చూస్తారు.

నాకు పీపా లేదు. మా నాన్న ఎస్తాజెల్ ఊళ్ళో తాపీ పని చేసేవాడు, మాకు తోటలెక్కడివి? మా పెళ్ళికి మా ఆయన మార్సాల్ పీపా తెరిచినప్పుడు మా మేనత్త ఊరుకోకుండా "మరి పిల్లదేదీ?" అని అడిగింది. అత్తగారు నవ్వి, "ఆడపెళ్ళివాళ్ళు మంచి ఆకలి తెచ్చుకున్నారుగా, చాలదూ?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బస్త్యాన్ పీపా మీద వాడి పేరు పెద్దక్షరాలతో ఉంది. పక్కన పీపా పెట్టడానికని వేసిన రెండు దుంగలు ఖాళీగా ఉన్నాయి. నేను ఎప్పుడు దిగినా నా కళ్ళు ముందు వాటిమీదే పడతాయి.

అత్తగారు గొట్టం ముంచి అందరి గ్లాసుల్లోనూ రెండేసి గుక్కలు పోసింది. బస్త్యాన్ తల్లి, మా తోడికోడలు క్లోతీల్డ్ గ్లాసులో ముక్కు పెట్టి కళ్ళు మూసుకుంది. ఆవిడ పుట్టిల్లు బర్గండీ, అక్కడా వైను తోటలే. వైను గురించి కాలేజీలో చదువుకుని వచ్చింది. నేనేమో పదకొండో తరగతి మధ్యలో మానేసి బేకరీలో రొట్టెలు అమ్మినదాన్ని.

"ఎండిన అంజూరం" అంది కళ్ళు తెరవకుండానే. "వెనకాల కాస్త కోకో. చిట్టచివర్న... ఉప్పు."

"ఉప్పా?" మా ఆయన మళ్ళీ నోట్లో పోసుకున్నాడు. "నిజమే వదినా! ఉప్పే! నాలిక అంచున తగుల్తోంది!"

నా చారులో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఏనాడూ చెప్పలేని మనిషి. మూడేళ్ళ కాపురంలో ఆ గొంతుతో నాకు ఒక్కసారి "నిజమే" అన్న పాపాన పోలేదు. నేనూ పుక్కిలించాను. నాకు వైను వాసనే వచ్చింది. పాలిచ్చేదాన్ని కాబట్టి బకెట్టులో ఉమ్మేశాను.

"ఒక్క గుక్క మింగితే ఏం కాదే" అంది క్లోతీల్డ్.

"మీకు కాకపోవచ్చక్కా."

అత్తగారు వేలు ముంచి బస్త్యాన్ పెదవికి రాసింది. వాడు మొహం వికారంగా పెట్టాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వేలే మళ్ళీ ముంచి లయా వైపు తెచ్చింది. నేను పిల్లతో సహా పక్కకి తిరిగాను.

"వద్దత్తయ్యా."

"చుక్కే కదే! మార్సాల్‌కి నెలల పిల్లాడప్పుడే పెట్టాను. బానే ఉన్నాడుగా?"

"ఏమో, అది ఒడిల్ చెప్పాలి" అంది క్లోతీల్డ్, నన్ను చూపిస్తూ. మా ఆయన కూడా పగలబడి నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. "ఇది దాని పీపా కాదు. దాని పీపాలోంచి పెట్టండి, అప్పుడు ఒప్పుకుంటాను" అన్నాను.

అత్తగారు వేలు ఏప్రన్‌కి తుడుచుకుంది.

"ఆ ఏడాది వడగళ్ళు నువ్వు చూడలేదా? నిండు నెలలతో వంటింటి బల్ల కింద దూరింది నువ్వే కదా. మిగిలిన గుత్తులు నాలుగూ సహకార సంఘం వాళ్ళకి పోశాం. అందరివీ కలిపేశారు. పోనీ ఇంట్లో ఉన్నా ఏం లాభం? నీళ్ళలా పలచన. పలచటి వైను కర్రలో పెడితే వెనిగర్ అవుతుంది. మా చెల్లెలి పెళ్ళికి అదే అయింది. పీపా తెరిచేసరికి మగపెళ్ళివాళ్ళు సలాడ్ ఆకులేవీ అని అడిగారు. పీపా లేని పెళ్ళి ఎవరికీ గుర్తుండదు. వెనిగర్ పెళ్ళి అన్న మాట మాత్రం అది చచ్చేదాకా వింది."

పిల్ల దగ్గిందని వంక పెట్టి పైకి వచ్చేశాను. అది దగ్గలేదు.

మేం మేడ మీద ఉంటాం, బావగారూ క్లోతీల్డూ కింద. మార్సాల్ పైకి వచ్చేసరికి నేను పిల్లని పడుకోబెట్టి, దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తున్నాను. నాకు అదో అలవాటు.

"పండగపూట అందరి మొహాలూ మాడ్చావు" అన్నాడు.

"నీ కూతురికి ఇరవై ఏళ్ళు వచ్చాక అడుగుతుంది, అన్నకుంది నాకేదీ అని. అప్పుడు మాడుతుంది నీ మొహం."

"లేనిదాన్ని ఎక్కణ్ణించి తేను? ఆ ఏటిది మొత్తానికి వదిన దగ్గరున్న ఆ ఒక్క జాడీయే..." అని నాలిక కరుచుకున్నాడు.

"ఏ జాడీ?"

ఇంక చెప్పక తప్పలేదు. కొండమీద నల్లరాళ్ళ తోటలో వడగళ్ళు పడలేదట. చాలా చిన్న ముక్క, ముసలి తీగలు. అందరూ పంట పోయిందని తలలు పట్టుకుని కూచుంటే క్లోతీల్డ్ ఒక్కతే బుట్ట పట్టుకుని వెళ్ళి కోసుకొచ్చిందట, తనే తొక్కి, తనే పులియబెట్టిందట. ఒక పెద్ద గాజు జాడీడు వచ్చిందట. రాన్సియో చెయ్యడం తనకీ వస్తుందని చూపించుకోవాలని, ఎండ వేడికి తొందరగా తిరుగుతుందని డాబా మీద పెట్టిందట.

"డాబా మీదా? మన డాబా మీదా?"

"నువ్వప్పుడు బాలింతవి. నీకు ఎవరూ..."

"గోనె కప్పి ఉంటుందే, అదా?"

అదే. అందులో పాత వెనిగర్ ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. నా కూతురి గుడ్డలన్నీ దాని పక్కనే ఆరేశాను. త్రమొంతాన్ అనే ఉత్తరపు ఈదురుగాలి వీచిన రోజున ఎగిరిపోకుండా తాడు కొస దాని మెడకే కట్టాను. నా కూతురు పుట్టిన ఏటి వైను నా నెత్తిమీదే ఉంది, కానీ అది ఆవిడది.

ఆ తర్వాత నాకు ఏ పనిమీదా ధ్యాస నిలవలేదు. డాబా మీదికి వెళ్తే చాలు, గోనె ఎత్తి చూసేదాన్ని. ఎండ పడితే దానిమ్మగింజ రంగు. అడిగితే ఇస్తుందేమో. ఇస్తే, అమ్మో, జన్మంతా ఆవిడకి రుణపడి ఉండాలి. లయా పెళ్ళిలో అందరూ గ్లాసులెత్తి "ఇది క్లోతీల్డ్ చేసిందట" అంటారు. అడక్కపోతే ఆ దుంగలు అలాగే ఖాళీ. పీపా లేని పిల్లకి ఈ ఇంట్లో ఏం విలువ ఉంటుంది? నేను లేకపోతే దాన్ని ఎవరు చూస్తారు? ఇలా ఒకదాన్నించి ఒకదానికి పోయేది నా మనసు, పాలు పొంగి స్టవ్ మీద పడేదాకా.

ఒక పొద్దున నేను దుప్పట్లు ఆరేస్తుంటే క్లోతీల్డే పైకి వచ్చింది, చేతిలో గ్లాసు, చిన్న సీసా. జాడీ బిరడా తీసి కొంచెం గ్లాసులోకి లాక్కుంది. నన్ను చూసి, "వాసన చూస్తావా?" అంది.

నేను చూడలేదు. దుప్పటి వెనకనించే అనేశాను. మొహం కనపడకుండా ఉంటే తేలికని.

"అక్కా, అది లయాకి ఇస్తారా?"

దుప్పటి పక్కకి తీసి చూస్తే ఆవిడ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. మొహంలో నవ్వు లేదు.

"ఒడిల్, ఈ ఇంట్లో నేను తాకే ప్రతి పీపా మామయ్యదో, అత్తయ్యదో, వాళ్ళ తాతలదో" అంది. "నేను వచ్చింతర్వాత నేనొక్కదాన్నీ చేసింది ఇదొక్కటే. లియోన్ ఊరి హోటలతను కొంటానని చాలాసార్లు అడిగాడు. వాడికి కూడా ఇవ్వలేదు."

"సరే, వద్దులెండి."

"వద్దని అన్నానా? నీకెప్పుడూ తొందరే!" చురుగ్గా అంది. తర్వాత గ్లాసులోది తాగేసి, "ఆదివారం అత్తయ్యకి రుచి చూపిద్దాం. పెళ్ళిదాకా చెడకుండా నిలుస్తుందంటే లయాది. నిలవదంటే నా జాడీ నాకు. దానిమీద మళ్ళీ మూతి ముడుచుకోకూడదు" అంది.

ఎంత ఔదార్యం! నిలవదని ఆవిడకి ముందే తెలిసి ఉంటుందనుకున్నాను. అంత చదువుకున్న మనిషికి తెలీదా? ఇచ్చినట్టూ ఉంటుంది, ఇవ్వనట్టూ ఉంటుంది. ఆదివారం దాకా అదే నమిలాను.

ఆదివారం భోజనానికి ముందు మార్సాల్ జాడీని భుజాన పెట్టుకుని నేలమాళిగలోకి దిగాడు. లయాని బస్త్యాన్‌తో పాటు పక్కింటావిడ దగ్గర వదిలి వచ్చాను, ఒక చెవి అటే వేసి.

అత్తగారు తొందరపడలేదు. ముందు ఉత్త రొట్టెముక్క నమిలి మింగింది. గ్లాసు దీపానికి ఎత్తి చూసింది. వాసన పీల్చి, ఓ గుక్క నోట్లో పెట్టుకుని, దవడలు కదిలిస్తూ గోడకేసి చూస్తూ నిలబడింది. ఉమ్మింది. మళ్ళీ రొట్టె, మళ్ళీ గుక్క. ఈసారి మింగింది. క్లోతీల్డ్ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ఆవిడ వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకోవడం నాకు కనిపించింది. గెలవాలనుకుంటోందో ఓడాలనుకుంటోందో పోల్చుకోలేకపోయాను.

"నిలుస్తుంది" అంది అత్తగారు.

మార్సాల్ నా భుజం పట్టుకున్నాడు.

"నిలుస్తుంది కానీ, ఇంత రంగు ఇంకా ఎందుకుంది దీనికి? రెండు వేసవులు ఎండలో ఉంటే ఈపాటికి తిరగడం మొదలెట్టాలి. పైగా ఇందులో ఒక్క ఏటి పంటే లేదు. రెండున్నాయి." ఆవిడ పెద్దకోడలి వైపు తిరిగింది. "ఏం చేశావే?"

"ఏం చెయ్యలేదత్తయ్యా. నెలకోసారి రుచికి కొంచెం తీసేదాన్ని. తీసినంతా మళ్ళీ నింపేశాను."

"నింపావా?"

"నింపకుండా ఎలా వదుల్తాను? మా ఊళ్ళో జాడీ మెడలో వేలెడు ఖాళీ కనపడితే ఆపూట మా నాన్న భోజనానికి కూడా పిలిచేవాడు కాదు."

"మీ ఊరు మీ ఊరు! ఇక్కడ ఖాళీయే వైను చేస్తుందే తల్లీ! నింపుకుంటూ పోతే అది రాన్సియో ఎప్పటికవుతుంది, నా పదో మనవడి పెళ్ళికా?" అత్తగారు నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. మార్సాల్ నవ్వబోయి నన్ను చూసి మానేశాడు. నాకు మాత్రం లోపల ఎక్కడో చల్లగా తగిలింది. చదువుకున్నావిడ! ఉప్పు కనిపెట్టినావిడ! కానీ ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు.

"ఇంతకీ దేంతో నింపావు?"

క్లోతీల్డ్ మొహం ఎర్రబడింది. "దానికి తగ్గ బలమైంది ఇంకేదీ దొరకలేదు. బస్త్యాన్ పీపాలోది."

అత్తగారు బోర్లించి ఉన్న బకెట్టుమీద కూచుంది.

"ఎంత?"

"పావువంతు ఉంటుందేమో ఇప్పటికి."

అత్తగారు మళ్ళీ గ్లాసు అందుకుని వాసన చూసింది. "అదీ సంగతి. వాడు పుట్టిన ఏడు మంచి ఏడు. ఆ పావువంతే దీన్ని నిలబెడుతోంది. అదే లేకపోతే నాలుగేళ్ళలో మా చెల్లెలి కథే" అని నా వైపు చూసింది. "మా అమ్మ బతికి ఉంటే రెండు ఏళ్ళ పంటలు కలిసిన వైను పిల్ల పీపాలో పొయ్యనిచ్చేది కాదు. నేను కళ్ళు మూసుకుంటాను. తల్లివి నువ్వు. పొయ్యమంటావా వద్దా?"

నిలుస్తుంది. కానీ వాడి వల్ల నిలుస్తుంది. నా కూతురు ఇంకా పెళ్ళికూతురు కాకముందే, మాట్లాడటం సరిగ్గా రాకముందే, దాని పీపాలో ఆవిడ కొడుకు వచ్చి కూచున్నాడు. వద్దని నోటిదాకా వచ్చింది. వద్దంటే దుంగలు ఖాళీ. పొయ్యమంటే జన్మంతా ఈ మాటే వింటాను, "బస్త్యాన్ లేకపోతే వెనిగరే" అని. ఏం మాట్లాడుతున్నానో తెలిసే మాట్లాడాను.

"పొయ్యండి. కానీ వాడిది దీన్లో ఉన్నప్పుడు, దీనిది వాడి దాంట్లో ఎందుకుండకూడదు? ఈ జాడీలోది ఒక చెంబుడు బస్త్యాన్ పీపాలో కూడా పొయ్యండి. ఇద్దరికీ సమానం."

"ఒడిల్!" అన్నాడు మార్సాల్.

"మంచి వైనులో పలచటిది కలుపుతారటే ఎవరైనా?" అంది అత్తగారు.

"ఒక చెంబుడే కదత్తయ్యా. చుక్కే కదా."

క్లోతీల్డ్ ఒక్క అడుగు వెనక్కి వేసి కొడుకు పీపాకి అడ్డంగా నిలబడింది. అరచెయ్యి బిరడా మీద పెట్టేసింది.

"వీల్లేదు. జాడీ మొత్తం తీసుకో, ఇచ్చేశాను. నా చేతుల్తో కోసింది, నేను తొక్కింది, ఇచ్చేశానన్నానుగా! దీన్ని మాత్రం ముట్టుకోనివ్వను. ఇది వాడిది."

ఆ మొహం నాకు బాగా తెలుసు. కింది పెదవి బిగబట్టి, ముక్కుపుటాలు ఎగరేస్తూ, ఎవరో లాక్కుపోతారన్నట్టు. పొద్దున్నే లయా జుట్టు దువ్వుతూ అద్దంలో చూసుకునే మొహం. ఈ మూడేళ్ళలో మొదటిసారి ఆవిడ నాకన్నా పొడుగ్గా కనపడలేదు.

"సరే, ముట్టుకోను లెండి" అన్నాను.

"ముట్టుకోవుగా?"

"ముట్టుకోనన్నానుగా! అలా కోడి పిల్లల్ని పొదుక్కున్నట్టు పొదుక్కోకండి, పీపా పగులుతుంది."

అత్తగారు ముందు నవ్వింది. తర్వాత మార్సాల్. క్లోతీల్డ్ నవ్వలేదు కానీ చెయ్యి తీసింది.

అత్తగారు మూలనించి చిన్న పీపా దొర్లించుకొచ్చి, వేడినీళ్ళతో కడిగించి, దుంగలమీద తిన్నగా నిలబెట్టింది. మార్సాల్ జాడీ ఎత్తి పోస్తుంటే నేను గరాటు పట్టుకున్నాను. కొంచెం మిగిలుండగానే అత్తగారు "చాలు" అంది. క్లోతీల్డ్ చెయ్యి గరాటుకేసి దానంతటదే కదిలింది, మిగిలిందీ పోసెయ్యాలని. అత్తగారు ఆ చేతిమీద చిన్నగా ఒకటేసింది.

"ఖాళీ!"

"తెలుసత్తయ్యా, తెలుసు. చూస్తుంటే ప్రాణం పోతోంది, అంతే."

వాళ్ళిద్దరూ భోజనానికి బల్ల సర్దాలని పైకి వెళ్ళారు. మార్సాల్ పిల్లల్ని తీసుకురావడానికి పక్కింటికి వెళ్ళాడు. నేను గ్లాసులు కడుగుతానని చెప్పి ఉండిపోయాను. కడగలేదు. గొట్టం తీసుకుని ముందు లయా పీపాలోది కాస్త, తర్వాత బస్త్యాన్ పీపాలోది కాస్త, రెండు గ్లాసుల్లో పోసుకుని మార్చి మార్చి వాసన చూశాను. లయాది పచ్చిపండులా ఉంది, కాస్త పదునుగా, ముక్కుకి తగిలి అక్కడే ఆగిపోతుంది. బస్త్యాన్‌ది లోపలికంటా వెళ్ళింది, అంజూరం, కోకో, అన్నీ ఉన్నాయి. ఎంత వెతుక్కున్నా ఉప్పు మాత్రం నాకు దొరకలేదు. వచ్చే ఏడాది కూడా ఇలాగే చూస్తాను, ఆ పైఏడాదీ చూస్తాను, పెళ్ళిదాకా చూస్తూనే ఉంటానని నాకు తెలిసిపోయింది.

మెట్ల మీద చప్పుడైంది. క్లోతీల్డ్ సగం దిగి వంగి చూస్తోంది.

"గ్లాసులు కడుగుతున్నావా?"

"ఆఁ."

ఆవిడ రెండు గ్లాసులూ చూసింది. "ఏది బావుంది?"

"మాది."

"అదింకా ఏమీ అవలేదు కదే!"

"అయినా మాదే."

"అబద్ధాలకోరు" అని, "రా, చారు చల్లారిపోతోంది" అంటూ పైకి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆవిడ కూడా ఒకసారి తలతిప్పి కొడుకు పీపా బిరడా సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. నేను చూడనట్టు గ్లాసులు తొలిచాను.